నాలుగెకరాల్లో సుబాబుల్ వేసి కరెంటు ప్లాంట్‌కి అమ్మితే లాభమేనా?

హైదరాబాద్‌లో ప్రైవేటు జాబ్ అన్నారు, ప్రకాశం జిల్లా దర్శి దగ్గర నాలుగెకరాల మెట్ట ఉంది, కౌలు ఎకరానికి 8 వేలొస్తోంది, బయోమాస్ కరెంటు ప్లాంట్ (కట్టె, పంట చెత్త కాల్చి కరెంటు తీసేది) వాళ్ళు కట్టె కొంటారు ఎకరానికి లక్ష గ్యారంటీ అని ఏజెంట్ చెప్తున్నాడు, పీఎఫ్ తీసి మొత్తం ఒకేసారి సుబాబుల్ (కట్టె కోసం పెంచే, త్వరగా ఎదిగే చెట్టు) పెట్టేయనా అని అడిగారు.

పీఎఫ్ జోలికి మాత్రం వెళ్ళొద్దండి.

ముందు ఒక విషయం చూడండి. కరెంటు ప్లాంట్‌కి కావాల్సింది వేడి. పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీళ్ళే, అందుకే తేమ పేరుతో రేటు కోస్తారు. పైగా ఆ బాయిలర్‌లోకి ఊక, పత్తి కట్టె, చిల్లచెట్లు (సర్కారు తుమ్మ) కూడా పోతాయి, అవన్నీ ఎవరూ పెట్టుబడి పెట్టి పెంచినవి కావు, వాటితో పోటీపడి మీరు పెంచిన కట్టెకి మంచి రేటు ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి? మొద్దుకి నాలుగు రూపాయలు ఎక్కువిచ్చేది మామూలుగా పేపర్ మిల్లే, కరెంటుకి పోయేది కొమ్మా రెమ్మా బెరడూ.

ఇప్పుడు లెక్క, అంకెలు ఉదాహరణకే, మీ ఊరి రేట్లు పెట్టుకుని మళ్ళీ వేసుకోండి. దుక్కి, మొక్కలు, కలుపు, మొదటి ఏడాది మేకలు పడకుండా కాపలా (సుబాబుల్ ఆకంటే వాటికి ప్రాణం), అన్నీ కలిపి ఎకరానికి 30 వేలు అనుకుందాం. కట్టె కోతకి రావడానికి నాలుగేళ్ళు అనుకుంటే, ఆ నాలుగేళ్ళు వదులుకున్న కౌలు 32 వేలు, ఇది ఏ ఏజెంటూ చెప్పడు. మొత్తం 62 వేలు. 25 టన్నులు వచ్చి, నరుకుడు కూలీ లారీ కిరాయి పోను టన్నుకి 3 వేలు మిగిలితే 75 వేలు, అంటే నాలుగేళ్ళకి 13 వేలు, బ్యాంకులో ఎఫ్‌డీ వేసినా ఇంచుమించు అంతే వస్తుంది. టన్నుకి వెయ్యి తగ్గిందా, 12 వేలు నష్టం. ప్రకాశం జిల్లాలో ఈ రేటు పడిపోయి రైతులు ఎంత ఏడ్చారో మీ ఊళ్ళోనే అడగండి.

అసలు లాభం రెండో నరుకుడులో ఉంది. నరికిన మోడు మీద పదీ పదిహేను పిలకలు లేస్తాయి, బలమైనవి రెండు మూడు ఉంచి మిగతావి కొడవలితో తీసేయాలి, ఈసారి మొక్కల ఖర్చుండదు కాబట్టి కౌలు పోగా 35 వేల పైనే మిగలొచ్చు. జామాయిల్ కూడా ఇంతే. సరుగుడు అలా కాదు, మళ్ళీ నాటుకోవాల్సిందే. అంటే ఎనిమిదేళ్ళు ఆగగలిగే డబ్బుతోనే ఇందులోకి దిగాలి.

అందుకని ఈ ఏడాది ఒక్క ఎకరమే వేయండి, బోనస్ డబ్బుతో, మిగతా మూడూ కౌలుకే ఉండనివ్వండి. ఏడాదికో ఎకరం చొప్పున పెంచుకుంటూ పోతే నాలుగేళ్ళ తర్వాత ఏటా ఒక ఎకరం కోతకొస్తుంది, ఒక ఏడు రేటు పడినా మిగతా మూడెకరాలు నిలబడే ఉంటాయి. దానికన్నా ముందు ఆర్నెల్ల ఇంటి ఖర్చు బ్యాంకులో పక్కన పెట్టుకోండి, పిల్లల ఫీజు కోసం లేత కట్టె నరికి అమ్ముకునే పరిస్థితి రాకూడదు.

దున్ని నాటి పెంచిన కట్టె మీద వచ్చేది వ్యవసాయ ఆదాయమే, దానికి పన్ను లేదు, కానీ ఏడాదికి 5 వేలు దాటితే మీ జీతం మీద పన్ను రేటు తేల్చడానికి దాన్నీ కలిపి చూస్తారు, రిటర్న్‌లో తప్పకుండా చూపించండి.

ఇక ఆ లక్ష గ్యారంటీ సంగతి. టన్నుకి ఎంత, తేమ ఎంతవరకు ఒప్పుకుంటారు, లారీ కిరాయి ఎవరిది, ఈ మూడూ కొనే కంపెనీ లెటర్‌హెడ్ మీద సంతకంతో అడగండి, ఏజెంట్ సంతకం సరిపోదు.