కాఫీకి పిలిస్తే అర్థమయ్యే ఇంగ్లీషు

ఆగస్టులో ఒహాయో వెళ్తున్న మా మేనకోడలు మొన్న సాయంత్రం బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ పొట్లం చేత్తో పట్టుకుని నడుస్తూ అడిగింది. "అత్తా, ఏ అడ్జెక్టివ్ పక్కన ఏ ప్రిపోజిషన్ వస్తుందో నీ దగ్గర లిస్టేమైనా ఉందా? బట్టీ పట్టేస్తాను." ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటరు వాళ్ళు ఇచ్చింది నాలుగు పేజీలు ఇప్పటికే పట్టేసిందట. నేను సెలవులకి వైజాగ్ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరి పిల్లలు ఇదే అడుగుతారు కాబట్టి, దానికి చెప్పినదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

లిస్టు పరీక్షకి పనికొస్తుంది. ఐఈఎల్‌టీఎస్‌లో ఎంత రావాలి, టోఫెల్‌లో ఎంత రావాలి అన్నది మీరు చేరబోయే యూనివర్సిటీ సైట్‌లో ఉంటుంది, వీసా సంగతి కాన్సులేట్ సైట్‌లో ఉంటుంది, చూసుకోండి. అవి నన్ను అడగక్కర్లేదు. ఇన్, ఆన్, ఎట్ లాంటి ఆ చిన్న చిన్న మాటలు అందక నేను ఒక చలికాలమంతా ఎవరూ లేనిదాన్నైపోయాను. మీకు అలా కాకూడదని నా ఆరాటం.

నేను అమెరికాలో, అదే ఒహాయోలోని కొలంబస్‌లో దిగింది 2007 జనవరిలో. సాయంత్రం ఆఫీసు వదిలేసరికి చీకటి, బయట మంచు. రెండో వారంలో అనుకుంటా, పక్క సీటావిడ నా డెస్కు దగ్గర ఆగి "ఆర్ యూ అప్ ఫర్ కాఫీ?" అంది. అప్ అంటే పైకి అనే నాకు తెలుసు. కాఫీ మెషిన్ కూడా పై అంతస్తులోనే ఉండేది. పైకెళ్ళి కాఫీ తెచ్చిపెట్టమంటోంది కాబోలు అనుకున్నాను. కొత్తగా వచ్చినదాన్నని పనులు చెబుతోందా అని లోపల ఉడుక్కుని, "నో, ఐ హావ్ వర్క్" అన్నాను, తల కూడా ఎత్తకుండా. ఆవిడ సరేనని వెళ్ళిపోయింది.

మళ్ళీ పిలవలేదు. మన ఇళ్ళలో వద్దండీ అంటే ఇంకో రెండుసార్లు బతిమాలి, చివరికి గ్లాసు చేతిలో పెట్టేస్తారు. అక్కడ ఒకసారి వద్దంటే వద్దనే అర్థం. ఆ మనిషి మర్యాదకే ఇంక అడగదు. అప్ ఫర్ అంటే "వస్తావా, ఇష్టమేనా" అని నాకు తెలిసేసరికి రెండు నెలలు గడిచాయి. ఈలోపు లంచ్‌కి బాక్సు తెచ్చుకుని డెస్కు దగ్గరే తినేదాన్ని. రాత్రి ఎనిమిదింటికి కాలింగ్ కార్డు గీకి ఇంటికి ఫోన్ చేస్తే ఇక్కడ పొద్దున్న ఆరున్నర. అమ్మ గ్లాసులో చెంచా తిప్పే చప్పుడు ఫోన్లో వినబడేది. ఆ చప్పుడు వినడానికే కార్డులో నిమిషాలు దాచుకునేదాన్ని.

ఇంకోటి కూడా చెప్పాలి. ఆ నెలలోనే ఒక రిలీజు కోసం పది రోజులు రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చున్నాం. శుక్రవారం మేనేజరు ఎలా ఉన్నావని అడిగితే "ఐ యామ్ టైర్డ్ ఆఫ్ దిస్ వర్క్" అన్నాను. ఆయన మొహం మారిపోయింది. సోమవారం గదిలోకి పిలిచి, వేరే ప్రాజెక్టుకి మారతావా, ఇక్కడ ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా అని అడిగారు. నాకు ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక కాళ్ళు వణికాయి. టైర్డ్ ఫ్రమ్ అంటే ఒళ్ళు అలిసిందని. టైర్డ్ ఆఫ్ అంటే మనసు విసిగి, ఇంక నావల్ల కాదని. నేను చెప్పదలుచుకున్నది మొదటిది, ఆయన విన్నది రెండోది. మధ్యలో మారింది ఒక్క మాటే.

ఇది చెప్తే మా మేనకోడలు "దీనికి లాజిక్ ఏముంది అత్తా?" అంది. మరి మనకేముంది? దీపం కొండెక్కిందంటే ఏ కొండకీ వెళ్ళలేదని మీకు ఎవరు నేర్పారు? చెయ్యిచ్చాడు, చెయ్యి చేసుకున్నాడు, చేతులెత్తేశాడు: మూడింట్లోనూ చెయ్యే, ఒకడు మోసం చేశాడు, ఒకడు కొట్టాడు, ఒకడు నావల్ల కాదన్నాడు. ఇంట్లో విని విని వచ్చింది. లుక్ ఆఫ్టర్, లుక్ ఫర్, లుక్ ఇంటూ కూడా అంతే. చూసుకోవడం, వెతకడం, ఆరా తీయడం. లుక్ అర్థం తెలుసు కదా అని అక్కడ ఆగిపోతే లాభం లేదు.

మనల్ని ఎక్కువగా పడేసేది మన విభక్తులే. బళ్ళో డు-ము-వు-లు అని వల్లించిన నోరు కదా, తెలుగులో ఏ ప్రత్యయం ఉంటే దానికి సరిపోయేది అక్కడ అతికించేస్తాం. నా మీద కోపమా అంటాం కాబట్టి యాంగ్రీ ఆన్ మీ అనేస్తాం. వాళ్ళు యాంగ్రీ విత్ మీ అంటారు, అమెరికాలో యాంగ్రీ ఎట్ మీ అని కూడా. డాక్టరుతో పెళ్ళయింది కాబట్టి మ్యారీడ్ విత్. అక్కడ మ్యారీడ్ టు. లెక్కల్లో దిట్ట కాబట్టి గుడ్ ఇన్ మ్యాథ్స్. అక్కడ గుడ్ ఎట్. దాని గురించి చర్చించాం కాబట్టి డిస్కస్ అబౌట్ అంటాం, అక్కడ డిస్కస్ తర్వాత ప్రిపోజిషన్ ఏదీ రాదు. బస్సైనా కారైనా మనకి ఎక్కడమే. వాళ్ళకి లేచి నిలబడి నడవగలిగే బస్సు, రైలు, విమానం అయితే గెట్ ఆన్, వంగి కూర్చోవాల్సిన కారు అయితే గెట్ ఇన్. ఆంధ్రా యూనివర్సిటీలో పాసవుట్ అయ్యాను అని మాత్రం చెప్పకండి. అక్కడ పాసవుట్ అంటే స్పృహ తప్పి పడిపోవడం. గ్రాడ్యుయేటెడ్ ఫ్రమ్ అనండి.

ఈ కాలం పిల్లలు సిరీస్‌లు చూసి ఇంగ్లీషు వచ్చేసిందనుకుంటారు. చెవికి వచ్చి ఉంటుంది, నోటికి ఇంకా రాలేదు. నేనేం చేశానో చెప్తాను. ఒక చిన్న నోట్‌బుక్ కొని, విన్న మాటని విడగొట్టకుండా మొత్తంగా రాసుకున్నాను, ఎవరు ఎప్పుడు అన్నారో పక్కనే రాసి. గుడ్ అని ఒకటి, ఎట్ అని ఇంకొకటి కాదు, గుడ్‌ఎట్ అంతా ఒకే మాట అనుకోండి. దాని తర్వాత పని పేరు వస్తే ఇంగ్ తగిలించాలి: గుడ్ ఎట్ కుకింగ్. లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ అని మెయిల్ పెట్టే మనవాళ్ళు పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళలోనూ ఉన్నారు. అక్కడ కూడా మీటింగ్ యూ అనే రావాలి. ఇవాళ మా టీములో కొత్తగా చేరిన మనవాళ్ళ మెయిళ్ళు ముందు నాకే చూపిస్తారు.

ఆ నోట్‌బుక్‌లో మొదటి పేజీ మొత్తం అప్ మీదే. వాట్ ఆర్ యూ అప్ టు: ఏం చేస్తున్నావు. ఇట్స్ అప్ టు యూ: నీ ఇష్టం. ఆర్ యూ అప్ ఫర్: వస్తావా. మీరు కూడా ముందు ఇలాంటివే రాసుకోండి, మనిషి మనిషిని పిలిచే మాటలు. కమ్ ఓవర్ అంటే మా ఇంటికి రా అని, డ్రాప్ బై అంటే అటు వచ్చినప్పుడు తొంగిచూసి వెళ్ళమని, జాయిన్ అస్ ఫర్ లంచ్ అంటే మాతో తిను అని. ఆఫీసు మాటలు జీతం ఇచ్చేవాళ్ళు ఎలాగూ నేర్పిస్తారు. వీటిని ఎవరూ నేర్పరు, అర్థం కాకపోతే అర్థం కాలేదని కూడా మనకి తెలియదు, గదిలో ఒక్కరమే కూర్చుని ఈ దేశంలో ఎవరికీ మనం పట్టలేదనుకుంటాం.

మార్చిలో ఒక రోజు నేనే లేచి ఆవిడ డెస్కు దగ్గరికి వెళ్ళాను. దారిలో రెండుసార్లు లోలోపల అనుకుని, "ఆర్ యూ అప్ ఫర్ కాఫీ?" అన్నాను. ఆవిడ నవ్వి "ఆల్వేస్ డౌన్ ఫర్ కాఫీ" అంది. అప్ అని అడిగితే డౌన్ అంటోందేమిటి, రానంటోందా అని గుండె ఆగినంత పనైంది. అప్పటికే ఆవిడ కుర్చీ మీంచి కోటు తీసి చేతులు దూర్చుకుంటోంది.