నలభై పాటల చీటీ

డబ్లిన్,
ఆదివారం

చిన్నీ,

నిన్న మీ నాన్న ఫోన్ చేసి, "అక్కా, నీ మేనకోడలు హేలీ వెస్టెన్రాకి ఉత్తరం రాస్తోందట. స్నేహితులందరినీ అడిగి, ఆవిడ పాడితే బాగుండు అనుకునే పాటలు నలభై పోగేసిందట" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. న్యూజిలాండ్‌ క్రైస్ట్‌చర్చ్‌లో చదువుకుంటూ, ఆ ఊళ్ళోనే పుట్టిన గాయనికి నువ్వు ఉత్తరం రాయడం నాకు గొప్పగానే ఉంది. కానీ రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టలేదు. పాటలు అడిగి దెబ్బతిన్న మనిషిని నేను. అందుకే ఈ ఉత్తరం.

పాటలు అడగడంలో మనింట్లో నాకంటే సీనియర్ ఎవరూ లేరు. తెనాలిలో ఉన్న రోజుల్లో విజయవాడ రేడియోకి నేను రాసిన కార్డులకి లెక్కే లేదు. పాట వేసినా వేయకపోయినా, పేర్లు చదివేటప్పుడు మన పేరు వినిపిస్తే చాలు, ఆ వారమంతా పండగే. నీకూ ఆ గుణమే వచ్చింది. అదే నా భయం.

ముందు మామూలు సంగతులు. ఉత్తరం ఒక్క పేజీ దాటకూడదు. పేరు తప్పు రాయకు. ఆవిడ వ్యవహారాలు చూసేవాళ్ళ చిరునామాకే పంపు. అంతేగానీ అక్కడ అందరూ అందరికీ తెలుసు కదా అని వాళ్ళ చుట్టాల ఇల్లు ఎక్కడో కనుక్కుని వెళ్ళి గుమ్మంలో నిలబడ్డావంటే నేను విమానం ఎక్కి వచ్చి మరీ తిడతాను.

నలభై పాటలేమిటే! పెళ్ళి సరుకుల చీటీనా? నాలుగు చాలు. మీ నాన్న చదివి వినిపించినంతవరకూ విన్నాను, అందులోనే తీసెయ్యాల్సినవి బోలెడు దొరికాయి. 'స్కార్బరో ఫెయిర్' అడిగావట. 2006లో సెల్టిక్ వుమన్ అనే ఐరిష్ గాయనుల బృందంతో కలిసి మా మీత్ జిల్లాలో స్లేన్ కోట ముందు ఆవిడ పాడింది అదే కదా. హ్యాండెల్ ఒపేరా 'రినాల్డో'లో ఆ ఏడుపు పాట కూడా ఆ వేదిక మీదే పాడింది. సినిమాలకి సంగీతం కట్టిన ఇటలీ ఆయన మొరికోనే సంగీతం ఏదైనా పాడమని ఎవరో రాశారట. 2011లో 'పారడీసో' అని ఆయనతో కలిసి ఆల్బమే చేసింది. ఇవన్నీ వినకుండా అభిమానులమని చెప్పుకుంటారా? ముందు పాడినవన్నీ కూర్చుని వినండి, తర్వాత పాడనివి అడుగుదురుగాని.

'కాస్తా దీవా' అనే ఒపేరా పాట కొట్టెయ్. 1831లో బెల్లినీ రాసింది మైకు లేకుండా వెనక బెంచీ దాకా వినిపించాల్సిన గొంతుల కోసం. హేలీది నీళ్ళలా తేటగా ఉండే సన్నని గొంతు. మైకు దగ్గర పెట్టుకుని చెవిలో చెప్పినట్టు పాడితేనే దాని అందం. ఒకరి గొంతు మీద ఇష్టంతో ఆ గొంతుకి సరిపడని బరువు మోపకూడదు. ద్వోర్జాక్ కట్టిన 'రుసాల్కా'లో చందమామ పాట మాత్రం ఉంచు. అదీ ఒపేరాదే. చివర్లో గొంతు బాగా పైకి వెళ్ళాలి, పైగా చెక్ భాష. అయినా నీటికన్య చంద్రుడితో మాట్లాడే పాట కాబట్టి ఆ గొంతుకి నప్పుతుందని నాకు గట్టి నమ్మకం. ఐరిష్ కవి యేట్స్ మాటలకి బ్రిటెన్ అనే ఇంగ్లిష్ స్వరకర్త పియానో కూర్చిన 'సాలీ గార్డెన్స్' కూడా ఉంచు. జానపదమూ శాస్త్రీయమూ గొడవపడకుండా ఒకే గదిలో కూర్చున్న పాట అది. వెనక నలభై వయొలిన్లు వద్దని మాత్రం రాయి. అసలు నాకైతే ఏ వాద్యమూ లేకుండా ఒక్క పాట వినాలనుంది. 1949లో కాథ్లీన్ ఫెరియర్ అనే ఇంగ్లిష్ గాయని గాలి గురించిన ఒక జానపదం అలాగే ఒంటి గొంతుతో రికార్డు చేసింది. యాభై ఏళ్ళుగా వింటున్నాను, ఒక్కసారి కూడా ఏదో లోటుగా ఉందనిపించలేదు.

ఇక నా సంగతి. మీ నాన్నకి కూడా తెలియదు.

ఇక్కడికి వచ్చిన ఆరేడేళ్ళకి, నాతో పనిచేసే నర్సు ఒకామె సెలవులకి వాళ్ళ ఊరు తీసుకెళ్ళింది. ఐర్లండ్ పడమటి తీరాన కానమారాలో, కార్నా పక్కన. జో హీనీ అనే గొప్ప పాటగాడు పుట్టిన ప్రాంతం. రాత్రి భోజనాలయ్యాక వంటింట్లోనే ఒక పెద్దావిడ కళ్ళు మూసుకుని 'డోనల్ ఓగ్' అనే ఐరిష్ పాట ఎత్తుకుంది. వాద్యం లేదు, తాళం లేదు. పక్కన కూర్చున్నాయన ఆవిడ చెయ్యి పట్టుకుని తిరగలి తిప్పినట్టు నెమ్మదిగా తిప్పుతున్నాడు. ఆ పద్ధతిని షాన్-నోస్ అంటారు, అంటే పాత తీరు. ఒక చరణంలో వేసిన గమకం ఇంకో చరణంలో వెయ్యలేదు. చివరి మాటలు పాడకుండా, పక్కింటావిడతో చెప్పినట్టు మామూలుగా అనేసి కళ్ళు తెరిచింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాను. తర్వాత నర్సు అర్థం చెప్పింది. మోసపోయిన పిల్ల అంటోంది, తూర్పూ పడమరా నా నుంచి పట్టుకుపోయావు, దేవుణ్ణి కూడా పట్టుకుపోయావేమోనని భయంగా ఉంది అని.

అప్పట్లో మా పేట చర్చిలో కచేరీలు చేసే ఒక అమ్మాయి ఉండేది. పేరెందుకులే. శాస్త్రీయ సంగీతం నేర్చుకుంది, ఐరిష్ పాటలూ పాడేది. నాకు ప్రాణం. ఆ గొంతులో డోనల్ ఓగ్ వినాలని పట్టుబట్టాను. ఒకటి కాదు, మూడు ఉత్తరాలు రాశాను. మూడోదానికి సీడీ అట్టలోంచి మాటలు దింపి జతచేశాను. ఐరిష్ రాతలో అచ్చులపై గీతలు ఎక్కడ పెట్టాలో ఎక్కడ తీసేయాలో నాకేం తెలుసు? ఆ పిల్ల ఇంగ్లిష్ మాట్లాడే ఇంట్లో పెరిగింది, ఐరిష్ భాష బళ్ళో నేర్చుకున్నదే. ఆ సంగతి కూడా నేను అడగలేదు.

డిసెంబర్‌లో పాడింది. పియానో పెట్టుకుంది, పాపం, ఒంటరిగా పాడే ధైర్యం లేక. ఐరిష్‌లో హల్లులు రెండేసి రకాలు, మనకి ల, ళ ఉన్నట్టే అనుకో. అవి కలిసిపోయాయి. మూడో చరణం మర్చిపోయి రెండోదే మళ్ళీ పాడింది. ముందు వరసలో ఒక ముసలాయన తల దించుకున్నాడు. నాకు ఒళ్ళంతా చీమలు పాకాయి. త్యాగరాజ కీర్తనలో మాటని ఎక్కడపడితే అక్కడ విరిస్తే మనం ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చోమూ, అలాగ. చిన్నప్పటినుంచీ సభల్లో సణిగే జాతి మనది. ఆ నేనే ఇంకొకరి భాషలో ఆ పని చేయించానని అప్పుడు తట్టలేదు.

కచేరీ అయ్యాక నన్ను వెతుక్కుంటూ వచ్చింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. "మీకోసమే నేర్చుకున్నానండీ, ఎలా ఉంది?" అంది. నేనేమన్నానో తెలుసా? "బాగుంది, కాస్త వేగం ఎక్కువైంది. కార్నాలో విన్నది ఇలా లేదు" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. చేతిలో కాగితం సన్నగా చుట్టుకుంది, నా చేతిరాత కాగితమే. తర్వాత ఇంకో నాలుగు కచేరీలకి వెళ్ళాను, ఆ పాట మళ్ళీ పాడలేదు. క్షమించమని అడగడానికి వెళ్ళిన ప్రతిసారీ చుట్టూ జనం. ఆ తర్వాత ఆ పిల్ల వేరే ఊరు వెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళు దాటింది చిన్నీ. ఇప్పటికీ ఎవరైనా ఏదైనా వండి "ఎలా ఉందండీ" అంటే ముందు నోరు నొక్కుకుంటాను.

ఇంత ఎందుకు రాశానంటే, నీ జాబితాలో ఒక త్యాగరాజ కీర్తన ఉందని మీ నాన్న మురిసిపోతూ చెప్పాడు. హేలీ 2003లో 'ప్యూర్'లో మావోరీ పాట 'పోకారేకారే అనా' పాడింది, తెలుగు మాత్రం ఎందుకు పాడదు అని నీ వాదన. అది ఆవిడ పుట్టిన నేల పాట, చెవిలో పడుతూ పెరిగింది. మన గమకాలు అలా ఒక కాగితం పంపితే వచ్చేవి కావు. మనది ఒకటి అడగాలనే ఉంటే ముత్తుస్వామి దీక్షితార్ 'శక్తి సహిత గణపతిం' అడుగు. ఆయన మద్రాసు వైపు ఉన్నప్పుడు ఈస్టిండియా కంపెనీ వాళ్ళ బ్యాండు వాయించే బాణీలు విని, వాటికి సంస్కృతం మాటలు కట్టాడు. నొట్టుస్వరాలంటారు. వాళ్ళ రాజుగారి పాటనే 'సంతతం పాహిమాం' చేసేశాడాయన! వాటిల్లో ఐరిష్, స్కాట్లండ్ బాణీలూ ఉన్నాయి. అన్నీ శంకరాభరణం, అంటే వాళ్ళ మేజర్ స్కేలే. గమకాల బెడద లేదు. రెండు వందల ఏళ్ళ కిందట అటునుంచి ఇటు వచ్చిన పద్ధతిని వాళ్ళ గొంతులోనే వినడం నాకు భలే సరదాగా ఉంటుంది.

కానీ మాటలు కాగితం మీద రాసి పంపడం కాదు. ప్రతి మాటా నెమ్మదిగా పలికి రికార్డు చెయ్. ఒక్కో మాటకి అర్థం చెప్పు. ఎక్కడ ఊపిరి తీసుకోవచ్చో, ఎక్కడ తీసుకుంటే మాట విరుగుతుందో చెప్పు. నేను ఆ పిల్లకి చెయ్యనిది అదే.

జవాబు రాకపోతే? రాకపోవచ్చు. నీకు ఏడేళ్ళప్పుడు సెలవుల్లో పోస్టుమాన్ కోసం గేటెక్కి కూర్చుని చొక్కా చింపుకున్నావు, గుర్తుందా? ఇప్పుడు అక్కడ చలికాలం, కిటికీ పక్కన కూర్చుని ఫోను చూసుకుంటూ జలుబు తెచ్చుకుంటావు. ఉత్తరం పంపిన రోజే ఆ సంగతి మర్చిపో. మర్చిపోలేవని తెలుసు. అయితే నాకు ఫోన్ చెయ్, ఇద్దరం కలిసి ఎదురు చూద్దాం.

పంపే ముందు ఆ రికార్డింగు నాకు వినిపించు. ఇక్కడ ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఖాళీగా ఉంటాను, నీకు అప్పుడు రాత్రి అవుతుంది. శక్తి సహిత నీకు నేర్పింది నేనే కదా, వంటింట్లో ఫ్రిజ్ ముందు నిలబెట్టి. అప్పుడు 'గణపతిం'లో సున్నా మింగేసేదానివి. ఇప్పుడూ మింగుతున్నావేమో వింటాను. విన్నాక ఏమీ అననులే.

మీ అత్త