జైల్లో ఉన్న కొడుకు కోసం తల్లి గవర్నర్‌కి క్షమాభిక్ష అర్జీ పెడితే ఎవరైనా వింటారా?

వింటారు. కానీ ముందు ఆ అర్జీలోంచి "నా కొడుకు ఏ పాపం ఎరుగడు" అన్న లైను కొట్టేయండి.

మా పిన్నికి అర్జీ రాసిపెట్టింది నేనే. తమ్ముడికి హత్య కేసులో యావజ్జీవం పడింది, అప్పటికి పదకొండేళ్లు లోపలే ఉన్నాడు. నేను ఆ లైనుతోనే మొదలుపెట్టి చదివి వినిపిస్తుంటే పిన్ని కాగితం మీద చెయ్యి పెట్టేసింది. "అది తీసెయ్యరా. వాడు చేశాడు. నాతోనే చెప్పుకున్నాడు." మరేం రాయమంటావు పిన్నీ అంటే, సంచీలోంచి రబ్బరు బ్యాండు చుట్టిన ములాకాత్ చీటీల కట్ట తీసి ముందు పెట్టింది. "ఒక్క నెలా మానలేదు. లోపల డిగ్రీ పాసయ్యాడు. పెరోల్ మీద వచ్చిన రెండుసార్లూ చెప్పిన రోజుకే తిరిగెళ్లాడు. ఇవి రాయి. నాకు చూపు ఆనడం లేదు, అదీ రాయి."

అవే రాశాను, పేజీన్నర. తప్పొప్పులు తేల్చడం కోర్టులో ఎప్పుడో అయిపోయింది. గవర్నర్‌ని అడిగేది దయ. డబ్బులు తీసుకుని టైపు చేసిపెట్టేవాళ్లు మాత్రం "తమరి పాదపద్మములకు" అంటూ మొదలెట్టి మూడు పేజీలు ఏడుస్తారు. అవి ఎవరూ చదవరు, కావాలంటే రాసిస్తాను.

పద్నాలుగేళ్లు నిండకుండా అర్జీ ఏంటని చుట్టాలు ఒకటే గొడవ. ఆ గడువు ప్రభుత్వం ఇచ్చే శిక్ష తగ్గింపుకి, అదే రెమిషన్‌కి. రాజ్యాంగం 161వ అధికరణం కింద గవర్నర్‌కి ఉన్న అధికారానికి అది అడ్డం రాదని 2021లో సుప్రీంకోర్టే చెప్పింది. చుట్టాలకి ఇవేం పట్టవు, సలహాలు మాత్రం ఉచితం.

అసలు చంపేది ఆలస్యం. రాజీవ్ గాంధీ హత్య కేసులో పేరరివాళన్‌ని 1991లో అరెస్టు చేసినప్పుడు అతనికి 19 ఏళ్లు. తల్లి అర్పుతమ్మాళ్ తిరగని గడప లేదు. విడుదల చేయమని తమిళనాడు మంత్రివర్గం 2018లో సిఫారసు చేస్తే, గవర్నర్ రెండేళ్లకు పైగా నాన్చి ఫైలుని రాష్ట్రపతికి పంపారు. చివరికి 2022 మేలో సుప్రీంకోర్టే విడిచిపెట్టింది. కాదనడానికైనా ఒక తేదీ పెట్టొచ్చుగా! ఆ కేసు మీద మీ అభిప్రాయం ఏదైనా కానీండి, నేనడిగేది ఆ తేదీ గురించే.

మా పిన్నికి ఏడు నెలలకి ఒక కాగితం వచ్చింది. "తమ అర్జీ పరిశీలనలో ఉన్నది." రెండుసార్లు చదివించుకుంది. "పరిశీలన అంటే చదువుతున్నట్టేనా?" అంది. అవునన్నాను. నాలుగు మడతలు పెట్టి ములాకాత్ చీటీల కట్టలో, అదే రబ్బరు బ్యాండు కింద దోపుకుంది.