పాత అర హెచ్‌పీ మోటారుకి సాన రాయి: షాఫ్ట్‌కి బోల్టు వెల్డింగ్ చేయిస్తే చాలదా?

పాత మోటారు షాఫ్ట్‌కి బోల్టు వెల్డింగ్ చేయించి దానికి సాన రాయి బిగించవచ్చా అని అడిగారు. మీరు చెప్పిన వివరాలు ఇవి: సింగిల్ ఫేజ్, అర హెచ్‌పీ, 1440 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మోటారు. షాఫ్ట్ (మోటారులోంచి బయటికొచ్చి తిరిగే కడ్డీ) 14 మి.మీ., కీ (జారకుండా పెట్టే ఇనుప ముక్క) గాడి ఉంది. రాయి 150 మి.మీ. వ్యాసం, 20 మి.మీ. మందం, రంధ్రం 31.75 మి.మీ. పని కొడవళ్లు, గొడ్డళ్లు సాన పట్టడం.

వెల్డింగ్ మాత్రం చేయించకండి. బోల్టును ఎంత సరిగ్గా నిలబెట్టినా కాస్త పక్కకి పోతుంది, వేడికి షాఫ్ట్ వంగుతుంది. ఎర్త్ క్లిప్పు మోటారు బాడీకి పెడితే వెల్డింగ్ కరెంటు బేరింగుల గుండా పోయి బాల్స్ మీద మచ్చలు పడతాయి. తర్వాత రాయి ఊగుతుంది, ఊగే రాయికి పగులు పడుతుంది.

వేగం విషయంలో మీ మోటారు మంచిదే. 150 మి.మీ. రాయి 1440 ఆర్‌పీఎం మీద తిరిగితే అంచు వేగం సెకనుకి 11 మీటర్ల చిల్లర. రాయి లేబుల్ మీద గరిష్ఠ ఆర్‌పీఎం రాసి ఉంటుంది, మోటారు వేగం దానికంటే తక్కువ ఉండాలి. బజారు గ్రైండరు కంటే నిదానంగా కోస్తుంది కానీ కొడవలికి అదే మేలు, అంచు త్వరగా నీలం తిరగదు. ఇదే రాయిని పాత మిక్సీ మోటారుకి బిగించే ఆలోచన ఎవరికైనా ఉంటే అక్కడే ఆపేయండి. 18,000 ఆర్‌పీఎం దగ్గర అంచు వేగం సెకనుకి 140 మీటర్లు దాటుతుంది, రాయి ముక్కలై మనుషుల మీదికి వస్తుంది.

లేత్ షాపులో అడాప్టరు, అంటే షాఫ్ట్‌కీ రాయికీ మధ్య ముక్క, చేయించండి. 55 మి.మీ. ఎంఎస్ (మామూలు మెత్తని ఉక్కు) రాడ్డు, 75 మి.మీ. పొడవు ముక్క చాలు. వెనక భాగం 35 మి.మీ. లావు, లోపల 14 మి.మీ. బోరు (షాఫ్ట్ దూరే రంధ్రం) 30 మి.మీ. లోతు, 5 మి.మీ. కీ గాడి (మీ షాఫ్ట్ గాడిని వెర్నియర్‌తో కొలిచి ఇవ్వండి). బోరు అయిపోయే చోట 50 మి.మీ. వ్యాసం ఫ్లాంజ్ (రాయి ఆనే బిళ్ల లాంటి అంచు). దాని ముందు రాయి కూర్చునే 20 మి.మీ. లావు భాగం, ఆ ముందు నట్టు ఎక్కే ఎం16 (16 మి.మీ.) మర. రాయి 20 మి.మీ. మందం కదా, అది కూర్చునే భాగం పొడవు 18 మి.మీ. మించకూడదు. మించితే రాయి బయటి వైపు వేసే విడి ఫ్లాంజ్ మెట్టుకి ఆనుకుని ఆగిపోతుంది, నట్టు ఎంత తిప్పినా రాయి వదులుగానే ఉంటుంది.

బోరు, ఫ్లాంజ్ ముఖం, 20 మి.మీ. భాగం ఒకే కేంద్రానికి రావాలని చెప్పండి. కొందరు డ్రిల్ బిట్టుతో బోరు కొట్టేసి ఇచ్చేస్తారు, వదులు అక్కడే వస్తుంది. షాఫ్ట్‌కి ఎక్కించి డయల్ గేజ్ (ఊగు కొలిచే ముల్లు గడియారం) పెట్టి తిప్పి చూస్తే ఊగు 0.05 మి.మీ. లోపు ఉండాలి. వదులైతే కాగితమో టేపో చుట్టి సరిపెట్టకండి, ఇంకోటి చేయించుకోండి. పట్టుకి రెండు ఎం6 గ్రబ్ స్క్రూలు (తల లేని, లోపలికి దిగే స్క్రూలు), ఒకటి కీ మీద, రెండోది దానికి 90 డిగ్రీల్లో.

ఇక మర ఎటు తిరగాలన్నది. షాఫ్ట్ కొసకి ఎదురుగా నిలబడి చూస్తే మోటారు గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంటే మామూలు కుడి మర (ముల్లు దిశలో తిప్పితే నట్టు బిగిసేది) సరిపోతుంది, పని చేస్తున్నకొద్దీ నట్టు బిగుస్తుంది. ముల్లు దిశలోనే తిరిగితే కుడి మర నట్టు ఊడి వస్తుంది. అప్పుడు ఎడమ మర కోయించాలి. స్టార్టింగ్ వైండింగ్ రెండు కొసలూ బయటికి ఉంటే వాటిని తారుమారు చేసి దిశ మార్చడం ఇంకా చవక. ప్లగ్గు పీకి, కెపాసిటర్ డిశ్చార్జ్ చేశాకే చెయ్యి పెట్టండి. కుడి మరతో మోటారు మీ ఎడమ వైపు, రాయి కుడి వైపు ఉండేలా బిగిస్తే రాయి ముందు అంచు కిందికి దిగుతుంది, నిప్పురవ్వలు కూడా కిందికే పోతాయి.

బిగించే ముందు రాయిని రంధ్రంలో వేలు పెట్టి వేలాడదీసి, స్క్రూడ్రైవర్ చెక్క పిడితో నాలుగు చోట్ల మెల్లగా తట్టండి. సంతలో కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టే: ఖంగుమంటే మంచిది, డొల్లగా పలికితే పగులుంది, పారేయండి. 31.75 రంధ్రాన్ని 20కి తగ్గించే బుష్ (లోపల దూర్చే గొట్టం ముక్క) వేసి, రాయి చేత్తో తోస్తే జారి కూర్చోవాలి, సుత్తి వాడకూడదు. రెండు ఫ్లాంజులూ 50 మి.మీ., మధ్యలో కాస్త పల్లం, అంచు మాత్రమే రాయికి ఆనాలి. రాయికి రెండు వైపులా అట్ట వాషర్లు తప్పనిసరి. అవి లేకపోతే ఇనుము రాయిలోని ఎత్తుపల్లాల మీద నొక్కి చీలుస్తుంది. నట్టు జారకుండా ఉండేంతే బిగించండి, పొడవాటి పానా వద్దు.

కనీసం 3 మి.మీ. ఇనుప రేకు గార్డు, బాడీకి ఎర్త్ వైరు పెట్టాకే స్విచ్ వేయండి. మొదటి నిమిషం రాయికి ఎదురుగా కాక పక్కన నిలబడండి. కళ్లద్దాలు ఉండాలి. చేతికి గుడ్డ, వదులు చొక్కా వద్దు. పనిముట్టు ఆనించే రెస్టుకీ రాయికీ సందు 3 మి.మీ. మించితే కొడవలి ముక్కు సందులోకి లాగేస్తుంది, రాయి అరిగేకొద్దీ ముందుకి జరుపుతూ ఉండండి. రాయి పక్క ముఖం మీద సాన పట్టకండి. ఇత్తడి, అల్యూమినియం వస్తువులకి ఈ రాయి వాడకండి. మెత్తని లోహం రంధ్రాల్లో పూడుకుపోయి రాయి వేడెక్కుతుంది. మొదటి రోజు పని అయ్యాక గ్రబ్ స్క్రూలు మళ్లీ ఒకసారి బిగించండి, కొత్త అడాప్టరు సర్దుకున్నాక అవి కాస్త వదులవుతాయి.