ఆసియా కప్‌లో మన ఫుట్‌బాల్ జట్టు: ఆ రన్నరప్ సంగతేంటి?

ఆసియా కప్‌లో ఇండియా ఒకసారి రన్నరప్ అయిందట, నిజమేనా, తర్వాత ఏమైంది అని అడిగారు. నిజమే, 1964లో. కాకపోతే ఆ టోర్నీలో ఆడిందే నాలుగు జట్లు. ఇప్పటివరకు మనం ఐదుసార్లు ఆడాం. మొత్తం 16 మ్యాచ్‌ల్లో 3 గెలిచి, 1 డ్రా చేసుకుని, 12 ఓడిపోయాం. ఆ మూడు గెలుపుల్లో రెండు 1964లోవే.

అప్పుడు టోర్నీ ఇజ్రాయెల్‌లో జరిగింది. క్వాలిఫయింగ్‌లో మనతో ఆడాల్సిన జట్లు తప్పుకోవడంతో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే వెళ్లాం. అలాగని తీసిపారేయడానికీ లేదు. అంతకుముందు రెండుసార్లూ కప్పు కొట్టిన దక్షిణ కొరియాని 2-0తో, హాంకాంగ్‌ని 3-1తో ఓడించాం. ఇజ్రాయెల్ చేతిలో 0-2తో ఓడాం. ఫైనల్ అంటూ లేదు, పాయింట్ల లెక్కన రెండో స్థానం వచ్చింది.

ఇవన్నీ నాకు ఎక్కించింది మా మావయ్య. మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర. మావైపు నుంచి ఖరగ్‌పూర్ రైల్వేలో చేరినవాళ్లకు లెక్కలేదు, ఆయనా అలాగే వెళ్లి ఫుట్‌బాల్ పిచ్చి అంటించుకొచ్చాడు. "అసలు గొప్ప ఆసియా కప్‌లో వెతక్కురా అల్లుడూ, ఏషియన్ గేమ్స్‌లో చూడు" అంటాడు. 1951 ఢిల్లీలో, 1962 జకార్తాలో స్వర్ణం మనదే. రెండుసార్లూ కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1963లో ఆయన కేన్సర్‌తో పోయారు. 1964 నాటి రెండో స్థానం ఆయన తయారుచేసిన జట్టు ఊపే అని నా ఉద్దేశం.

తర్వాత 20 ఏళ్లకు, 1984లో సింగపూర్‌లో ఆడితే నాలుగు మ్యాచ్‌ల్లో ఒక్క గోలూ లేదు. ఇరాన్‌తో 0-0 డ్రా ఒక్కటే చెప్పుకోదగ్గది. 2011లో ఖతార్‌లో మూడు మ్యాచ్‌ల్లో 13 గోల్స్ ఇచ్చుకున్నాం. గోల్‌కీపర్ సుబ్రతా పాల్ లేకపోతే ఇంకెన్ని పడేవో!

నన్నడిగితే చూడాల్సింది 2019. యూఏఈలో తొలి మ్యాచ్‌లోనే థాయ్‌లాండ్‌ని 4-1తో కొట్టాం. యూఏఈతో 0-2తో ఓడాం. ఆఖరి మ్యాచ్ బహ్రెయిన్‌తో జనవరి 14న. డ్రా చేసుకుంటే చాలు, నాకౌట్‌కి వెళ్తాం. పండక్కి ఇల్లంతా చుట్టాలే. సీరియల్ చూస్తామన్న మా అత్త చేతిలోంచి రిమోట్ లాక్కుని మావయ్య టీవీ ముందు కూర్చున్నాడు. ఆట మొదలైన కాసేపటికే డిఫెండర్ అనస్ గాయంతో బయటికెళ్లాడు. అక్కడి నుంచి మనవాళ్లు బంతిని దూరంగా తన్నడమే పనిగా పెట్టుకున్నారు. 85 నిమిషాలు దాటాక టెన్షన్‌తో ఎవరూ మాట్లాడటం లేదు. ఒళ్లో అరిసెల పళ్లెం అలాగే ఉంది. 91వ నిమిషంలో ప్రణయ్ హాల్దార్ ఫౌల్ చేశాడు, పెనాల్టీ. బహ్రెయిన్ ఆటగాడు జమాల్ రషీద్ కొట్టేశాడు. గ్రూప్‌లో ఆఖరి స్థానం మనది.

ఆ ఓటమికి హాల్దార్‌ని తిట్టినవాళ్లు చాలామంది. నేను తిట్టను. గెలవాలని కాకుండా గోల్ పడకపోతే చాలని గంటన్నర ఆడితే ఎక్కడో ఒకచోట కాలు తడబడుతుంది. ఆ రాత్రే కోచ్ స్టీఫెన్ కాన్‌స్టంటైన్ రాజీనామా చేశాడు.

2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన టోర్నీ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు: మూడు మ్యాచ్‌లు, మూడు ఓటములు, సున్నా గోల్స్. 2027కి అసలు అర్హతే రాలేదు. గోవాలో క్వాలిఫయింగ్ మ్యాచ్‌లో సింగపూర్ మీద ముందు గోల్ కొట్టి కూడా 1-2తో ఓడాం.

మ్యాచ్ ఏదైనా చూడాలనుకుంటే థాయ్‌లాండ్‌తో ఆడినది వెతకండి. మొదటి సగం 1-1. సెకండాఫ్ నుంచి చూసినా చాలు, మూడు గోల్స్ అందులోనే.