యూరియా చాలక కాదు, నిలవక

ప్రశ్న: వరి నాటి 45 రోజులైంది. ఎకరాకు 150 కిలోల యూరియా మూడు దఫాలుగా వేశాను. చల్లిన వారానికి పైరు పచ్చబడుతోంది, ఆ పై వారానికి కింది ఆకులు మళ్లీ పసుపు తిరుగుతున్నాయి. మడిలో ఎప్పుడూ నాలుగు అంగుళాల నీరుంటుంది, పాచి కూడా ఉంది. నీరు బయటికి పోయే తూము మూలలో మాత్రం పైరు నల్లగా ఏపుగా ఉంది. యూరియా నకిలీదని నా అనుమానం. డీలరు ఇంకో 50 కిలోలు వేసి, పచ్చదనానికి టానిక్ కొట్టమంటున్నాడు. ఇంకో సందేహం: సేద్యం వల్ల వచ్చే, భూమిని వేడెక్కించే వాయువుల పరోక్ష ఉద్గారాలు దేశాల లెక్కల్లో పెరుగుతున్నాయంటున్నారు. అవి పశువుల మీథేన్ సంగతే కదా, నా మడికేం సంబంధం?

జవాబు: మీ యూరియా నకిలీది కాదు. నకిలీదైతే తూము మూలలో పైరు అలా నల్లబడదు. మడి మొత్తానికి చల్లిన నత్రజని నీటితో కొట్టుకెళ్లి ఆ మూలకు చేరుతోంది, అక్కడి నుంచి కాలువలోకి పోతోంది. కింది ఆకులు ముందు పసుపు తిరుగుతున్నాయి కాబట్టి ఇది నత్రజని లోపమే. లేత ఆకులు ముందు పాలిపోతే గంధకం లోపాన్ని అనుమానించాలి. ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చి, ఆకు మడిస్తే పెళుసుగా విరిగితే జింకు లోపం. మీరు చెప్పిన లక్షణాల్లో ఆ రెండూ లేవు.

150 కిలోల యూరియా అంటే 69 కిలోల నత్రజని. అది తక్కువేం కాదు. నిలిచిన నీటిలో యూరియా పడితే ఒకటి రెండు రోజుల్లోనే అమ్మోనియాగా మారడం మొదలవుతుంది. పగలు పాచి నీటిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చేస్తుంది కనుక మధ్యాహ్నానికి నీటి ఉదజని సూచిక (pH) 9 దాకా పోతుంది. అప్పుడు అమ్మోనియా నీటిలో నిలవక గాలిలో కలుస్తుంది. గాలి వీచే రోజైతే మరీ ఎక్కువ. ఈ నష్టంలో చాలా భాగం చల్లిన మొదటి వారంలోనే జరిగిపోతుంది. మీ పైరు వారం పచ్చగా ఉండి మళ్లీ పాలిపోవడానికి, నీటితో కొట్టుకుపోవడంతో పాటు, ఇదీ కారణమే.

ఇక రెండో సందేహం. పశువుల మీథేన్, వరి మడి మీథేన్ రెండూ ప్రత్యక్ష ఉద్గారాలే. పరోక్షం అంటే మీ మడి దాటిపోయిన నత్రజని వేరేచోట నైట్రస్ ఆక్సైడుగా మారడం. గాలిలోకి పోయిన అమ్మోనియా ఎక్కడో నేల మీదో నీటి మీదో దిగుతుంది. నేలలో నైట్రేటుగా మారిన నత్రజని కాలువల్లోకి, భూగర్భ జలాల్లోకి పోతుంది. సూక్ష్మజీవులు అక్కడ దాన్ని నైట్రస్ ఆక్సైడు చేస్తాయి. భూమిని వేడెక్కించడంలో వందేళ్ల లెక్కన ఈ వాయువు ఒక్క కిలో 273 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం.

వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం (ఐపీసీసీ) 2019లో సవరించిన సాధారణ గుణకాలతో, అంటే ఎంత వాటా పోతుందో చెప్పే సగటు అంకెలతో, మీ ఎకరం లెక్క ఇదీ. వేసిన నత్రజనిలో 11 శాతం గాలిలోకి పోతుంది, అందులో 1 శాతం నైట్రస్ ఆక్సైడుగా మారుతుంది. 24 శాతం నీటితో పోతుంది, అందులో 1.1 శాతం మారుతుంది. మీ 69 కిలోలకు ఈ రెండూ కలిపి సుమారు 0.26 కిలోల నత్రజని. నైట్రస్ ఆక్సైడు బరువుగా మారిస్తే 0.4 కిలో, అంటే దాదాపు 110 కిలోల బొగ్గుపులుసు వాయువుకు సమానం. ఇది ఒక్క ఎకరానికి, పరోక్ష భాగం మాత్రమే.

దేశం గ్రాఫులో ఈ పరోక్ష ఉద్గారాల గీత ఎరువుల వాడకం గీత వెంటే నడుస్తుంది. చాలా దేశాలు వాడిన నత్రజని కిలోలను ఇవే గుణకాలతో హెచ్చవేస్తాయి కాబట్టి. పశువుల ఎరువు, పచ్చిక నేలను దున్ని సాగులోకి తెచ్చినప్పుడు కరిగే సేంద్రియ పదార్థం కూడా లెక్కలోకి వస్తాయి. అయితే గీత పెరిగిందా తగ్గిందా అని తేల్చేముందు గుణకాలు చూడాలి. అదే సంఘం 2006 మార్గదర్శకాల్లో నీటితో పోయే వాటా 30 శాతం, అందులో మారేది 0.75 శాతం. నైట్రస్ ఆక్సైడు తీవ్రతను కూడా కొన్ని నివేదికలు 298గా వేశాయి. పాత నివేదిక అంకె పక్కన కొత్త నివేదిక అంకె పెడితే లేని మార్పు ఉన్నట్టు కనిపిస్తుంది. మొత్తం సంవత్సరాలకు ఒకే పద్ధతిలో తిరగలెక్క వేసిన వరుసనే నమ్మాలి.

గీత కిందికి వంగడం సాధ్యమే. ఐరోపా సమాజం 1991లో, సేద్యపు నైట్రేటు నీటిలో కలవకుండా, నైట్రేట్ల నిబంధన తెచ్చింది. నెదర్లాండ్స్ పశువుల పేడనీళ్లను నేల మీద పారబోయకుండా నేలలోకి దించాలని నియమం పెట్టింది. చైనా 2015లో ఎరువుల వాడకం పెరుగుదలను ఆపే కార్యక్రమం చేపట్టింది, ఆ తర్వాత వాడకం తగ్గింది. ఒక చిక్కు మాత్రం ఉంది. మీరు యూరియాను ఎంత జాగ్రత్తగా వేసినా, కిలోలు తగ్గకపోతే సాధారణ గుణకాల లెక్కలో ఆ మేలు కనిపించదు. అందుకే నేను పద్ధతితో పాటు మోతాదు మీద కూడా పట్టుబడతాను.

ఇప్పుడు మీరు చేయాల్సింది. నాలుగో దఫా 50 కిలోలు వేయకండి. ఆరు గళ్ల ఆకు రంగుల పట్టిక తీసుకుని, ఎండ నేరుగా పడకుండా మీ నీడలో ఉంచి, పది దుబ్బుల్లో పైనుంచి పూర్తిగా విచ్చుకున్న ఆకు మధ్య భాగాన్ని పోల్చండి. పదిలో ఆరు ఆకులు 4వ గడి కంటే లేతగా ఉంటేనే ఎకరాకు 22 కిలోల యూరియా, అంతకు మించి వద్దు. తూము మూలలో అసలు చల్లకండి. అక్కడ ఇంకా పడితే పైరు పడిపోతుంది, సుడిదోమ, పాముపొడ తెగులు చేరతాయి.

చల్లే ముందు నీరు తీసేసి, బురద పదునులో సాయంత్రం పూట చల్లండి. 36 నుంచి 48 గంటలకు పలచగా నీరు పెట్టి తూము మూసేయండి, వారం దాకా నీరు బయటికి పోనివ్వకండి. వేప పూత లేని యూరియా అయితే కిలోకు 200 గ్రాముల వేపపిండి కలిపి రెండు రోజులు నీడలో ఉంచి చల్లండి. వాన సూచన ఉంటే ఆగండి. ఆ తర్వాత కూడా మడి బీటలు తీసేదాకా ఎండనివ్వొద్దు. ఎండిన నేలలో తయారైన నైట్రేటు మళ్లీ నీరు పెట్టగానే వాయువై పోతుంది.

టానిక్ మాట వదిలేయండి. వేసిన యూరియా నిలవనప్పుడు టానిక్ కొట్టడమంటే డబ్బు పోగొట్టుకోవడమే. నీరు ఎంత ఉంది, తూము తెరిచి ఉందా అని ఒక్క మాట అడగకుండా ఇంకో బస్తా అంటగట్టేవారి దగ్గర ఎరువు కొనండి, సలహా మాత్రం తీసుకోకండి. కోత అయ్యాక మడిలో ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి, కలిపి, అరకిలో పరీక్షకు పంపండి. తూము మూల మట్టిని ఇందులో కలపకుండా విడిగా పంపాలి.