సైకాలజిస్టు ఫీజు ఎంత, చేతికొచ్చేది ఎంత?

ప్రశ్న: సైకాలజీలో పీజీ అయిపోవచ్చింది. స్కూల్లో కౌన్సెలర్‌గా చేరనా, క్లినికల్ కోర్సు చదవనా? సంపాదనలో అంత తేడా ఉంటుందా?
– ఒక పాఠకురాలు, తార్నాక

జవాబు: ఉంటుంది. క్లినికల్ సైకాలజిస్టు అని పేరు పక్కన రాసుకోవాలంటే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన కోర్సు చదివి రిజిస్ట్రేషన్ నంబరు తెచ్చుకోవాలి. ఆసుపత్రి పోస్టుకైనా, వికలాంగ ధ్రువపత్రం కోసం రాసే ఐక్యూ రిపోర్టుకైనా ఆ నంబరే అడుగుతారు. పీజీ ఒక్కటే ఉంటే స్కూళ్లు, కాలేజీలు, స్వచ్ఛంద సంస్థలు, కంపెనీల్లో కౌన్సెలింగ్ దారులు మిగులుతాయి.

కోర్సు ఖర్చంటే ఫీజు ఒక్కటే కాదు. క్లినికల్ ఎం.ఫిల్. రెండేళ్లూ పూర్తికాలం చదువు, ఉద్యోగం కుదరదు. స్కూలు నెలకు 25 వేలు ఇస్తానందనుకుంటే మీరు వదులుకునేది 6 లక్షలు. అదీ కలిపి చూసుకోండి. ఈ ఎం.ఫిల్. ప్రవేశాలకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2025-26 వరకే గడువు పొడిగించింది. అందుకని ఏ కోర్సుకు డబ్బు కట్టాలన్నా ఆ కాలేజీకి, ఆ ఏడాదికి గుర్తింపు ఉందో లేదో ఆర్‌సీఐ జాబితాలోనే చూడండి. బ్రోషర్‌ను నమ్మకండి.

స్కూల్లోనే చేరితే జీతం పన్నెండు నెలలకా, పది నెలలకా అన్నది కాగితం మీద రాయించుకోండి. పది నెలలు ఇచ్చే 30 వేలు, ఏడాది మీద పరిస్తే నెలకు 25 వేలే.

ప్రశ్న: ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉంది, ఆసుపత్రిలో మూడేళ్లు చేశాను. దిల్‌సుఖ్‌నగర్‌లో గది తీసుకుని ప్రాక్టీసు పెడదామనుకుంటున్నాను. సెషన్‌కు 1,200 చొప్పున రోజుకు ఐదుగురు, 22 రోజులు. నెలకు 1,32,000 వస్తుందా?
– ఒక పాఠకుడు, సరూర్‌నగర్

జవాబు: అది మీరు తెరిచి ఉంచిన 110 గంటల లెక్క, వచ్చినవాళ్ల లెక్క కాదు. ఐదింట ఒకటి రద్దయిందనుకోండి, 88 సెషన్లు, 1,05,600. గది గంటకు 200 అయితే 22,000 పోతుంది. మనిషి రాకపోయినా అద్దె ఆగదు. నెలకు రెండుసార్లు సూపర్‌విజన్‌కు, అంటే మీ కేసులను సీనియర్‌తో చర్చించడానికి, 3,000, పరీక్ష ఫారాలు, ఫోను, ప్రింటింగుకు 4,000 తీసేస్తే 76,600 మిగులుతుంది. కేసు నోట్సుకు తలా పావుగంట వేసుకున్నా 22 గంటలు. దానికి ఎవరూ డబ్బివ్వరు.

అదీ ప్రాక్టీసు నిండాక. మొదట్లో వారానికి ఎనిమిది మందే వస్తే నెలకు 38,400. గదిని 40 గంటలకే తీసుకున్నా, ఖర్చులన్నీ పోను చేతికి 23,400. కాబట్టి ఆసుపత్రిని ఒక్కసారిగా వదలకండి. వారానికి మూడు రోజులు విజిటింగ్ కన్సల్టెంటుగా మారతానని అడగండి. ఫీజులో మీకిచ్చే వాటా బిల్లు మీదా, వసూలైన దాని మీదా? ప్యాకేజీలో ఉన్న రోగిని వార్డుకు వెళ్లి చూస్తే విడిగా ఇస్తారా? ముందే తేల్చుకోండి, గొడవలన్నీ ఇక్కడే వస్తాయి. జీతం కాకుండా ఫీజు పద్ధతిలో ఇస్తే 10 శాతం టీడీఎస్, అంటే పన్ను, ముందే కోస్తారు, రిటర్ను వేసి సరిచూసుకోవాలి. పీఎఫ్, జీతంతో సెలవులు ఉండవు.

ఎక్కువమంది నష్టపోయేది పరీక్షల దగ్గర. పిల్లవాడి ఐక్యూ పరీక్షకు 3,000 అంటే బాగానే ఉందనిపిస్తుంది. పరీక్షకు రెండు గంటలు, స్కోరింగుకు గంట, రిపోర్టు రాసి తల్లిదండ్రులకు వివరించడానికి మరో రెండు. గంటకు 600, సెషన్ ఫీజులో సగం. రేటును గంటల మీద కట్టండి. తొందరపడి రిపోర్టు కుదిస్తే నష్టపోయేది ఆ పిల్లవాడు.

ఒకరోజు ముందు చెప్పకుండా మానేస్తే సగం ఫీజు అన్న నియమం మొదటి రోజే రాసివ్వండి. ఇచ్చుకోలేనివాళ్ల కోసం నెలకు ఎన్ని గంటలో కూడా ముందే లెక్కలో వేసుకోండి. అప్పుడు ఎవరినీ మొహమాటంతో తిప్పి పంపక్కర్లేదు.

ప్రశ్న: పాఠాలు చెప్పే ఉద్యోగమైతే?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: యూజీసీ స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700తో మొదలవుతుంది. గచ్చిబౌలి కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అయితే దానికి డీఏ, 30 శాతం లెక్కన ఇంటి అద్దె భత్యం 17,310 కలుస్తాయి. నెట్, సెట్ అనే అర్హత పరీక్షలు, పీహెచ్‌డీల్లో ఏదో ఒకటి ఉండాలి. ఆర్‌సీఐ నంబరు వీటికి బదులు కాదు. జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, తెచ్చుకుంటే పరిశోధనలో మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 వస్తుంది. గెస్టు ఫ్యాకల్టీగా పిలిస్తే మాత్రం పీరియడ్ల లెక్కేనా అని అడగండి. అలాగైతే వేసవి సెలవుల్లో ఏమీ రాదు.